పంపు బేరింగ్ ఎంపిక: 7312 అని రాసి ఆగిపోతే సరిపోదు

పంపు షాఫ్ట్ మీంచి లాగిన 7312 నంబరు బాల్ బేరింగ్ జతను కడిగి, బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఒక బేరింగ్ లోపలి రేస్ (బాల్స్ దొర్లే ఉక్కు రింగు) మీద బాల్స్ నడిచిన దారి నున్నగా మెరుస్తూ, ఒక అంచు వైపు ఒరిగి ఉంటుంది. రెండోదాంట్లో అదే దారి మసకబారి, సన్నటి గరుకు కాగితంతో రుద్దినట్టు కనిపిస్తుంది. బాల్స్‌ను విడివిడిగా పట్టి ఉంచే దాని ఇత్తడి కేజ్ గూళ్ల అంచులు అరిగిపోయి ఉంటాయి. హౌసింగ్ అడుగున మిగిలిన ఆయిల్‌ను వేలితో తీస్తే బంగారు రంగు పొడి అంటుకుంటుంది. మొదటి బేరింగ్ బరువు మోసింది. రెండోది ఏమీ మొయ్యలేదు, మొయ్యకపోవడం వల్లే పాడైంది. బరువు లేని బాల్ దొర్లదు, జారుతుంది. జారితే ఆయిల్ పొర తెగుతుంది, కేజ్ అరుగుతుంది.

చాలా చోట్ల దీన్ని "బేరింగ్ ఫెయిల్యూర్" అని ఒక్క ముక్కలో రాసేసి, అదే నంబరుతో మళ్లీ ఇండెంట్ పెడతారు. కొత్త జత వస్తుంది, అదే దారిలో పోతుంది. లోడ్ లెక్క ఒకసారి, నంబరు వెనకాల అక్షరాలు ఒకసారి చూసి ఉంటే ఆ తిరుగుడు ఉండదు. ఆ రెండూ ఎలా చూడాలో ఒక్క రకం పంపు పట్టుకుని చివరి దాకా చెబుతాను.

పంపు ఏది అంటే, విశాఖ రిఫైనరీ లాంటి పెద్ద ప్లాంట్లలోనూ, తాటిపాక లాంటి చిన్న రిఫైనరీలోనూ ఎక్కడ చూసినా కనిపించే ఓహెచ్2. రిఫైనరీ పంపులకి వర్తించే ఏపీఐ 610 ప్రమాణం ప్రకారం కట్టిన సింగిల్ స్టేజ్ ప్రాసెస్ పంపు. ద్రవాన్ని నెట్టే చక్రం, అంటే ఇంపెల్లర్, షాఫ్ట్ చివర వేలాడుతూ ఉంటుంది. ఇంపెల్లర్ వైపు పక్క తోపును మోసే రేడియల్ బేరింగ్ ఒకటి, మోటారుకి కలిపే కప్లింగ్ వైపు షాఫ్ట్ పొడవునా వచ్చే తోపును మోసే థ్రస్ట్ బేరింగ్ జత. రెండు పోల్స్ మోటారు, 2980 ఆర్‌పీఎం. బేరింగ్ దగ్గర షాఫ్ట్ 60 మి.మీ. అనుకుందాం.

మొదట అసలు రోలింగ్ బేరింగ్ (బాల్ లేదా రోలర్ రకం) పెట్టొచ్చా లేదా చూడాలి. ఏపీఐ 610 దీనికి రెండు గీతలు గీసింది. బేరింగ్ సగటు వ్యాసాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 5,00,000 దాటకూడదు. పంపు రేటెడ్ కిలోవాట్లను ఆర్‌పీఎంతో గుణిస్తే 40 లక్షల లోపు ఉండాలి. ఈ రెండో గీత దాటితే ఆయిల్ పొర మీదే షాఫ్ట్ తేలే హైడ్రోడైనమిక్ బేరింగ్‌కు వెళ్లాలి. 7312 లోపలి వ్యాసం 60, బయటి వ్యాసం 130, సగటు 95 మి.మీ. దాన్ని 2980తో గుణిస్తే 2,83,100. మోటారు 150 కిలోవాట్లయితే రెండో అంకె 4,47,000. రెండూ చాలా లోపలే ఉన్నాయి. ఇదే వేగంలో రెండో గీత తగలాలంటే పంపు 1340 కిలోవాట్లు దాటాలి. కాబట్టి ఈ సైజు పంపుకి బాల్ బేరింగే సరైనది.

ఇక థ్రస్ట్ లెక్క. ఇక్కడే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. ఇంపెల్లర్ ముందూ వెనకా ఒత్తిడి తేడా వల్ల వచ్చే థ్రస్ట్‌ను డిజైనర్ లెక్కేస్తాడు, బ్యాలెన్స్ హోల్స్, వెనక వేర్ రింగ్ (లీకేజీని తగ్గించే, అరిగే రింగు) పెట్టి దాన్ని తగ్గిస్తాడు. కానీ సక్షన్ ప్రెషర్ (పంపులోకి వచ్చే ద్రవం ఒత్తిడి) కూడా షాఫ్ట్‌ను తోస్తుందన్న సంగతి సర్వీసు మార్చినప్పుడు ఎవరికీ గుర్తుండదు. వేలాడే ఇంపెల్లర్ పంపులో సీల్ దగ్గర షాఫ్ట్ ఒక్క వైపే బయటికి వస్తుంది. కేసింగ్ లోపల సక్షన్ ప్రెషర్, బయట గాలి. ఆ తేడా మొత్తం షాఫ్ట్ కోత వైశాల్యం మీద పడి, రోటర్‌ను కప్లింగ్ వైపు తోస్తుంది. సీల్ దగ్గర స్లీవ్ వ్యాసం 70 మి.మీ. అయితే వైశాల్యం 38.5 చదరపు సెం.మీ. సక్షన్‌లో 10 బార్ గేజ్ ఉంటే ఆ తోపు 3.85 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 390 కిలోల బరువు. నాఫ్తాకి 2 బార్ సక్షన్‌తో కొన్న పంపును ఎల్పీజీ సర్వీసుకి మార్చి 12 బార్ సక్షన్ ఇస్తే, బేరింగ్ మీద అదనంగా ఇంత బరువు ఎక్కినట్టే. పంపు నేమ్‌ప్లేట్ మీద ఇదేదీ కనిపించదు.

రెండో సంగతి వేర్ రింగులు. కొత్త పంపు క్లియరెన్స్‌తో వేసిన థ్రస్ట్ లెక్క కొత్త పంపుకే చెల్లుతుంది. రింగు అరిగేకొద్దీ లీకేజీ పెరిగి, ఇంపెల్లర్ రెండు వైపులా ఒత్తిడి అమరిక మారిపోతుంది. అందుకే ఏపీఐ 610 థ్రస్ట్‌ను డిజైన్ క్లియరెన్స్ దగ్గర ఒకసారి, దానికి రెట్టింపు క్లియరెన్స్ దగ్గర ఇంకోసారి లెక్కించమంటుంది. తయారీదారు డేటా షీట్‌లో ఈ రెండు అంకెలూ వేరువేరుగా రాశాడా లేదా చూడండి. ఒక్కటే రాస్తే రెండోది అడిగి రాయించుకోవాలి. రేడియల్ లోడ్‌కీ ఇలాంటి మెలికే ఉంది. సింగిల్ వాల్యూట్ పంపును దాని ఉత్తమ ప్రవాహానికి దూరంగా, 30 శాతం దగ్గర నడిపితే ఇంపెల్లర్ మీద పక్క తోపు బాగా పెరుగుతుంది. వాల్వు సగం మూసి నెలల తరబడి నడిపే పంపులో రేడియల్ బేరింగ్ తరచూ పోతుంటే తప్పు బేరింగ్‌ది కాదు.

ఇప్పుడు ఆయుష్షు లెక్క. రేటెడ్ పరిస్థితిలో కనీసం 25,000 గంటలు, గరిష్ఠ లోడ్ల దగ్గర కనీసం 16,000 గంటలు రావాలని ఏపీఐ 610 నియమం. లెక్కించే పద్ధతి ఐఎస్‌ఓ 281. ఈ ఆయుష్షును ఎల్10 అంటారు. ఒకే రకం బేరింగులు 100 నడిపితే 90 ఆ గంటలు దాటాలి, 10 అంతకు ముందే అలసి పొరలు లేవొచ్చు. బాల్ బేరింగ్‌కి సూత్రం సులువు: కేటలాగ్ డైనమిక్ రేటింగ్‌ను సమతుల్య లోడ్‌తో (అన్ని లోడ్లూ కలిపిన ఒక్క అంకెతో) భాగించి, ఘనం చేస్తే మిలియన్ చుట్లలో ఆయుష్షు వస్తుంది.

40 డిగ్రీల కాంటాక్ట్ యాంగిల్ (బాల్ బరువు మోసే వాలు కోణం) ఉన్న 7312 ఒక్కదానికి ఎస్‌కేఎఫ్ కంపెనీ కేటలాగ్‌లో రేటింగ్ 104 కిలోన్యూటన్లు. జతగా పెడితే రెట్టింపు కాదు, 1.62 రెట్లే తీసుకోవాలి, అంటే 168. రేటెడ్ పాయింట్ దగ్గర యాక్సియల్ (పొడవునా వచ్చే తోపు) 6, రేడియల్ (పక్క తోపు) 3 కిలోన్యూటన్లు అనుకుందాం. బ్యాక్ టు బ్యాక్ (వీపుకి వీపు తగిలేలా పెట్టిన) జతలో యాక్సియల్‌ను రేడియల్‌తో భాగిస్తే 1.14 కన్నా ఎక్కువ వచ్చినప్పుడు, సమతుల్య లోడ్ = రేడియల్‌లో 0.57 వంతు + యాక్సియల్‌లో 0.93 వంతు. అంటే 1.71 + 5.58 = 7.29. దాంతో 168ని భాగిస్తే 23. ఘనం చేసి గంటల్లోకి మారిస్తే దాదాపు 68,000 గంటలు. హాయిగా నెగ్గింది.

ఇప్పుడు రింగులు అరిగి, సక్షన్ గరిష్ఠంగా ఉండి, యాక్సియల్ 10, రేడియల్ 4 అయింది అనుకోండి. సమతుల్య లోడ్ 2.28 + 9.3 = 11.58. నిష్పత్తి 14.5, ఆయుష్షు సుమారు 17,000 గంటలు. 16,000 గీత మీద బొటాబొటిగా నిలబడింది. లోడ్ 1.6 రెట్లు పెరిగితే ఆయుష్షు నాలుగో వంతుకి పడిపోయింది. ఘనం చేసే పని ఇది. రేటెడ్ పాయింట్ దగ్గర వచ్చిన 68,000 చూసి సంతోషపడి ఫైలు మూసేస్తే, అసలు పరీక్ష రాయనట్టే.

ఇంకో చిన్న లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి. హౌసింగ్‌లో ఉన్నవి రెండు బేరింగ్ స్థానాలు. ఏది పోయినా పంపు ఆగుతుంది. రెండింటికీ విడివిడిగా 25,000 గంటలు ఉంటే, కలిపి చూసినప్పుడు ఆ పంపు ఎల్10 దాదాపు 15,700 గంటలే. రెండేళ్లు కూడా నిండవు.

ఇంత చదివాక "అయితే పెద్ద బేరింగ్ వేసేద్దాం" అనిపిస్తుంది. అది మంచి ఆలోచన కాదు. బాల్ బేరింగ్ సరిగ్గా దొర్లాలంటే దాని రేటింగ్‌లో కనీసం 1 శాతం లోడ్ దాని మీద ఉండాలి, రోలర్ బేరింగ్‌కైతే 2 శాతం. 7312కి ఆ కనీసం దాదాపు 1 కిలోన్యూటన్. బేరింగ్ పెద్దదయ్యేకొద్దీ ఈ కనీస లోడ్ కూడా పెరుగుతుంది. రెండు వైపుల నుంచీ ద్రవం పీల్చే డబుల్ సక్షన్ ఇంపెల్లర్ బేరింగుల మధ్య తిరిగే బీబీ2 పంపుల్లో యాక్సియల్ తోపు రెండు వైపులా ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది, థ్రస్ట్ బేరింగ్‌కి మిగిలేది చాలా తక్కువ. అక్కడ షాఫ్ట్ లావుంది కదా అని పెద్ద 40 డిగ్రీల జత వేస్తే మొదట చెప్పిన మసక దారి, బంగారు పొడి ఖాయం. అలాంటి చోట తక్కువ ప్రీలోడ్ (ముందే ఇచ్చే నొక్కుడు) ఉన్న జతగానీ, ఒకటి 40 డిగ్రీలు, ఒకటి 15 డిగ్రీలు ఉన్న జతగానీ బాగా పని చేస్తుంది. 15 డిగ్రీల బేరింగ్ కొంచెం రేడియల్ లోడ్‌తోనే కుదురుగా దొర్లుతుంది. కాకపోతే ఆ జతకి ఒక దిక్కు ఉంటుంది, తిరగేసి పెడితే చిన్న కోణం బేరింగ్ మీద మొత్తం థ్రస్ట్ పడుతుంది. తయారీదారు డ్రాయింగ్ చేతిలో లేకుండా దాన్ని ఎక్కించకూడదు.

ఇప్పుడు అక్షరాలు

పెట్టె మీద "7312 బీఈసీబీఎం" అని ఉంటుంది. 7312 అంటే బేరింగ్ రకం, కొలతలు మాత్రమే. బీ అంటే 40 డిగ్రీల కాంటాక్ట్ యాంగిల్. ఈ అంటే లోపలి డిజైన్ మెరుగుపరిచిన రకం. సీబీ అంటే ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా జతగా కుదిరేలా రేసుల పక్క ముఖాలు గ్రైండ్ చేశారని, ఆ జతలో సాధారణ యాక్సియల్ క్లియరెన్స్ ఉంటుందని అర్థం. చివరి ఎం అంటే మెషిన్ చేసిన ఇత్తడి కేజ్.

ఆ చివరి ఒక్క అక్షరం చూడకుండా స్టోర్స్ నుంచి తెచ్చేసే పొరపాటు చాలా మామూలు. ఎం స్థానంలో పీ ఉంటే అది గ్లాస్ ఫైబర్ కలిపిన పాలిమైడ్ కేజ్. బయటి నుంచి కొలతలన్నీ అవే, రేటింగ్ అదే, ధర తక్కువ. మామూలు నీళ్ల పంపులో అది చక్కగా నడుస్తుంది. ఏపీఐ 610 పంపుకి మాత్రం లోహం కాని కేజ్ పనికిరాదు. 120 డిగ్రీల దగ్గర ఎక్కువ కాలం ఉంటే పాలిమైడ్ పెళుసుబారుతుంది. ఆయిల్ లెవెల్ ఒక్కసారి పడిపోయి బేరింగ్ వేడెక్కితే ఇత్తడి కేజ్ మనిషి వచ్చి చూసేదాకా కాసేపు ఓర్చుకుంటుంది, ప్లాస్టిక్ ఓర్చుకోదు. హైడ్రోకార్బన్ పంపులో కేజ్ విరిగితే షాఫ్ట్ ఊగుతుంది, మెకానికల్ సీల్ తెరుచుకుంటుంది. అందులోంచి వచ్చేది నాఫ్తా. బేరింగ్ ధరలో మిగిల్చిన డబ్బు గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

సీబీ విషయమూ అంతే ముఖ్యం. అదే పేరుతో సీబీ లేకుండా "7312 బీఈఎం" అని కూడా దొరుకుతుంది. అది ఒంటరిగా వాడటానికి చేసినది. అలాంటివి రెండు తెచ్చి జతగా బిగిస్తే క్లియరెన్స్ ఎంత వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఒకటే మొత్తం మోస్తుంది, లేదా రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని వేడెక్కుతాయి. సీబీ స్థానంలో సీఏ ఉంటే క్లియరెన్స్ తక్కువ, జీఏ ఉంటే తేలికపాటి ప్రీలోడ్. 60 మి.మీ. షాఫ్ట్ సైజుకి సీబీ జతలో బిగించకముందు యాక్సియల్ క్లియరెన్స్ 26 నుంచి 38 మైక్రాన్లు, సీఏలో 11 నుంచి 23. తయారీదారు మారితే అక్షరాలూ మారతాయి. ఎఫ్ఏజీ కంపెనీలో ఇత్తడి కేజ్‌కి ఎంపీ, పాలిమైడ్‌కి టీవీపీ అని రాస్తారు. చిన్న క్లియరెన్స్ ఉన్న యూనివర్సల్ జతకి యూఏ, సున్నా క్లియరెన్స్‌కి యూఓ, తేలిక ప్రీలోడ్‌కి యూఎల్. కాబట్టి ఒక కంపెనీ అక్షరాలను ఇంకో కంపెనీ బేరింగ్‌కి అంటగట్టి ఇండెంట్ రాయొద్దు. "40 డిగ్రీలు, యూనివర్సల్ మ్యాచింగ్, బ్యాక్ టు బ్యాక్, సాధారణ యాక్సియల్ క్లియరెన్స్, మెషిన్ చేసిన ఇత్తడి కేజ్" అని మాటల్లో కూడా రాయండి. ఒకే జతలో రెండు కంపెనీల బేరింగులు కలపొద్దు.

రేడియల్ వైపు 6312 సీ3 అనే డీప్ గ్రూవ్ బాల్ బేరింగ్ వేస్తారు, సీ3 అంటే లోపల మామూలుకన్నా ఎక్కువ క్లియరెన్స్ ఉన్న రకం. సీ3 ఎందుకో ఒకసారి కాగితం మీద వేసి చూస్తే మళ్లీ మర్చిపోరు. 60 మి.మీ. బోర్ ఉన్న డీప్ గ్రూవ్ బేరింగ్‌కి మామూలు క్లియరెన్స్ 8 నుంచి 28 మైక్రాన్లు, సీ3 అయితే 23 నుంచి 43. షాఫ్ట్‌ను కే5 టాలరెన్స్‌తో తిప్పితే 60 మీద 2 నుంచి 15 మైక్రాన్లు ఎక్కువ ఉంటుంది, బేరింగ్ బోర్ 0 నుంచి 15 తక్కువ ఉంటుంది. మధ్యస్థంగా 16 మైక్రాన్ల బిగువు వస్తుంది. ఆ బిగువులో దాదాపు 80 శాతం లోపలి రేస్‌ను ఉబ్బించి క్లియరెన్స్‌ను తినేస్తుంది, అంటే దాదాపు 13 మైక్రాన్లు పోయాయి. నడుస్తున్నప్పుడు లోపలి రేస్ బయటిదానికన్నా 10 డిగ్రీలు వేడిగా ఉంటే 95 మి.మీ. సగటు వ్యాసం మీద ఇంకో 11 మైక్రాన్లు పోతాయి. మొత్తం 24. సీ3 బేరింగ్ కింది గీత మీద ఉన్నా అప్పటికి సున్నా దగ్గర ఆగుతుంది. మామూలు క్లియరెన్స్ బేరింగ్ కింది గీత మీద ఉంటే మైనస్ 16. అంటే బాల్స్ రెండు రేసుల మధ్య నలిగిపోతాయి. నలిగితే వేడి, వేడికి ఇంకా నలుగుడు. ఇది ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

ఈ లెక్క అర్థమైతే ఎండాకాలంలో హౌసింగ్ మీద తడి గోనెసంచి కప్పడం, నీళ్ల పైపు వదలడం ఎంత చేటో కూడా అర్థమవుతుంది. మే నెలలో హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందని ఆపరేటర్ మంచి మనసుతోనే ఆ పని చేస్తాడు. కానీ బయట చల్లబడితే హౌసింగ్, దాంతోపాటు బయటి రేస్ ముడుచుకుంటాయి. షాఫ్ట్, లోపలి రేస్ వేడిగానే ఉంటాయి. 130 మి.మీ. మీద 15 డిగ్రీలు తగ్గితే 23 మైక్రాన్ల ముడుచుకుపోవడం. పైన కష్టపడి కాపాడిన క్లియరెన్స్ మొత్తం అక్కడే పోయింది. పైగా రేడియల్ బేరింగ్ బయటి రేస్ హౌసింగ్‌లో ముందుకీ వెనక్కీ జరగగలగాలి, షాఫ్ట్ వేడికి సాగితే అదే దారి. హౌసింగ్ పట్టేస్తే ఆ సాగుడు మొత్తం థ్రస్ట్ బేరింగ్ మీద అదనపు బరువుగా కూర్చుంటుంది. చెయ్యి పెట్టలేకపోవడం జబ్బు కాదు. 60 డిగ్రీలకే చెయ్యి తీసేస్తాం. ఏపీఐ 610 ఆయిల్ రింగ్ లేదా స్ప్లాష్ పద్ధతిలో సంప్ (హౌసింగ్ అడుగు) ఆయిల్‌ను 82 డిగ్రీల లోపు అంటుంది. థర్మామీటర్ పెట్టి కొలవండి. నిజంగా 82 దాటుతుంటే ఆయిల్‌ను చల్లబరచాలి, హౌసింగ్‌ను కాదు. సంప్‌లో కూలింగ్ కాయిల్ పెట్టేది అందుకే.

ఆయిల్ ఎంపిక దీనికి ముడిపడే ఉంటుంది. 95 మి.మీ. సగటు వ్యాసం, 2980 ఆర్‌పీఎంకి కావలసిన కనీస స్నిగ్ధత నడిచే వేడి దగ్గర 8.5 సెంటీస్టోక్స్. వీజీ 68 (40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్స్ ఉండే రకం) ఆయిల్ 70 డిగ్రీల దగ్గర దాదాపు 20 ఉంటుంది, అంటే కావలసినదానికి రెట్టింపు పైన. 80 దగ్గర 14 చుట్టూ ఉంటుంది, ఇంకా బాగానే ఉంది. వీజీ 32 అయితే 80 దగ్గర 8కి దిగుతుంది, పొర తెగే అంచు మీద నడుస్తున్నట్టే. అందుకే బాల్ బేరింగ్ పంపులకి మన వాతావరణంలో వీజీ 68 సరైనది. పక్కనే స్లీవ్ బేరింగులున్న టర్బైన్‌కి వీజీ 32 వాడుతున్నారని అదే డ్రమ్ము నుంచి ఇక్కడా పోయకండి. పంపు ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మట్టం కింది బాల్ మధ్యకి రావాలి. అంతకన్నా ఎక్కువ పోస్తే బాల్స్ ఆయిల్‌ను చిలుకుతాయి, మజ్జిగలా నురగ వచ్చి వేడి పెరుగుతుంది.

కోస్తాలో ఇంకో శత్రువు తేమ. కాకినాడ, విశాఖ, కోనసీమ గాలిలో ఉప్పు తేమ ఎప్పుడూ ఉంటుంది. పగలు వేడెక్కిన హౌసింగ్ రాత్రి చల్లబడినప్పుడు, ముఖ్యంగా ఆపి ఉంచిన పంపులో, బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ తేమ లోపల ఆయిల్‌లో కలుస్తుంది. టేపర్ రోలర్ బేరింగుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చిన ఒక పాత సూత్రం ఉంది: ఆయిల్‌లో నీళ్లు 100 పీపీఎం ఉన్నప్పటి ఆయుష్షును ఒకటి అనుకుంటే, 400 పీపీఎం దగ్గర అది 0.43. అంటే సగం కూడా లేదు. 400 పీపీఎం కంటికి కనిపించదు, ఆయిల్ తెల్లబడిందంటే అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నట్టు. హౌసింగ్ చివర్లలో రబ్బరు లిప్ సీల్ పెట్టొద్దని ఏపీఐ 610 అంటున్నదీ ఇందుకే. లిప్ త్వరగా అరుగుతుంది, షాఫ్ట్‌ను కూడా గాడి చేస్తుంది. లాబిరింత్ (మెలికల దారి ఉన్న సీల్) లేదా మాగ్నెటిక్ ఐసోలేటర్ పెట్టండి. పాత పంపుల ఓవర్‌హాల్‌లో పెట్టే ఖర్చుల్లో ఇదే ముందు పెట్టాల్సింది, నా లెక్కలో బేరింగ్ బ్రాండ్ మార్చడం కన్నా కూడా.

ఇత్తడి అన్ని చోట్లా మంచిదే అనుకోవడానికి లేదు. పంపులో బేరింగ్ హౌసింగ్‌కీ లోపలి ద్రవానికీ మధ్య సీల్ ఉంది, కాబట్టి నడుస్తుంది. స్క్రూ కంప్రెసర్‌లో ఆయిల్, గ్యాస్ కలిసే తిరుగుతాయి. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే ఇత్తడి నల్లబడి తినేసుకుపోతుంది, అమ్మోనియా ఉంటే పగుళ్లు వస్తాయి. అక్కడ మెషిన్ చేసిన స్టీల్ కేజ్ గానీ పీక్ అనే గట్టి ప్లాస్టిక్ కేజ్ గానీ అడగాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న ఆ సోర్ గ్యాస్‌లో రేసుల స్టీల్‌కీ సమస్యే. ఆ సర్వీసులో కార్బన్ స్టీల్‌కి మామూలుగా చెప్పే గట్టిదనం 22 రాక్‌వెల్ సీ లోపు, బేరింగ్ స్టీల్ 58 పైన ఉంటుంది. మెత్తబరచడం కుదరదు, కాబట్టి గ్యాస్‌ను దాని దాకా రానివ్వకపోవడమే దారి.

మోటారు వైపు ఒక్క మాట. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) మీద నడిచే మోటార్లో షాఫ్ట్ మీద పుట్టే కరెంటు బేరింగ్ గుండా దిగుతుంది. రేస్ మీద రోడ్డు గతుకుల్లా వరస గీతలు పడతాయి. కప్లింగ్ లేని వైపు బయటి రేస్‌కి సెరామిక్ పూత ఉన్న ఇన్సులేటెడ్ బేరింగ్, కప్లింగ్ వైపు ఎర్తింగ్ బ్రష్ ఉండాలి. రీవైండింగ్‌కి పంపిన మోటారు తిరిగొచ్చినప్పుడు మామూలు బేరింగ్ వేసి పంపారేమో పెట్టె చూసి నిర్ధారించుకోండి.

కొనడం, బిగించడం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, అధీకృత డీలర్ బిల్లు లేకుండా క్రిటికల్ పంపుకి బేరింగ్ కొనొద్దు. నకిలీల ప్యాకింగ్ అసలుదానికన్నా అందంగా ఉంటుంది. పెద్ద తయారీదారుల యాప్‌లతో కోడ్ స్కాన్ చేసి లేదా ఫొటోలు పంపి సరిచూసుకోవచ్చు.

బిగించేటప్పుడు ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీలు చాలు, 120 దాటనివ్వొద్దు. ఆ వేడికి 60 మి.మీ. బోర్ దాదాపు 60 మైక్రాన్లు తెరుచుకుంటుంది, చేత్తో జారుతుంది. హీటర్ డీమాగ్నెటైజ్ చేసిందో లేదో ఒక చిన్న పిన్ను పెట్టి చూడండి. అయస్కాంతం మిగిలితే ఇనుప రజను అంతా అక్కడే చేరుతుంది. గ్యాస్ కట్టర్ మంట చూపించడం, వేడి ఆయిల్ బకెట్‌లో ముంచడం మానెయ్యాలి. బ్యాక్ టు బ్యాక్ అంటే బయటి రేసుల వెడల్పాటి ముఖాలు రెండూ ఒకదానికొకటి తగలాలి. ఎక్కించగానే లాక్ నట్ బిగించి, చల్లారాక మళ్లీ బిగించాలి. చల్లారేటప్పుడు రేస్ వెడల్పులో కూడా ముడుచుకుని భుజం నుంచి దూరం జరుగుతుంది. రేస్‌కీ షాఫ్ట్ భుజానికీ మధ్య 0.03 ఫీలర్ దూరకూడదు. తర్వాత డయల్ పెట్టి షాఫ్ట్‌ను ముందుకీ వెనక్కీ తోసి చూస్తే వచ్చే అంకెలో రెండు కలిసి ఉంటాయి: బేరింగ్ సొంత క్లియరెన్స్, ఎండ్ కవర్‌కీ బయటి రేస్‌కీ మధ్య వదిలిన ఖాళీ. కవర్ గాస్కెట్ మందం మారిస్తే రెండోది మారుతుంది. ప్లే ఎక్కువొచ్చిందని బేరింగ్‌ను తప్పుపట్టే ముందు కవర్ ఖాళీ విడిగా కొలవండి.

నడిపాక బేరింగ్ హౌసింగ్ మీద వైబ్రేషన్ సెకనుకి 3.0 మి.మీ. ఆర్ఎంఎస్ లోపు రావాలి. ఉష్ణోగ్రత మొదటి కొన్ని గంటలు పెరిగి ఒక చోట నిలబడాలి, నిలబడకుండా మెల్లగా ఎక్కుతూనే ఉంటే ఆపి ఫిట్ చూడాలి.

స్టాండ్‌బై పంపు సంగతి చాలా మంది పట్టించుకోరు. పక్క పంపు నడుస్తుంటే బేస్‌ప్లేట్, పైపుల ద్వారా వచ్చే సన్నటి అదురు ఆగి ఉన్న బేరింగ్‌లో బాల్స్‌ను ఒకే చోట గీకుతుంది. నెలల తర్వాత స్టార్ట్ చేస్తే మొదటి గంట నుంచే రొద. విప్పి చూస్తే రేస్ మీద బాల్స్ ఎంత దూరంలో ఉంటాయో సరిగ్గా అంత దూరంలో గోధుమ రంగు మచ్చలు వరసగా ఉంటాయి. వారానికోసారి షాఫ్ట్‌ను చేత్తో ఒకటింబావు చుట్టు తిప్పి వదిలెయ్యాలి. ఒక చుట్టు తిప్పి ఆపితే షాఫ్ట్ మీది గుర్తు పాత చోటికే వస్తుంది గానీ బాల్స్ రావు, షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే బాల్స్ 0.4 చుట్టే తిరుగుతాయి. కప్లింగ్ మీద సుద్దతో గీత గీసి, ఏ వారం ఎక్కడ ఆపారో లాగ్ పుస్తకంలో రాస్తే తర్వాత వచ్చిన షిఫ్టు వాళ్లు కొత్త చోట ఆపుతారు.